మేము గోడకంటించిన కాగితము



ఒకరికి హితము చెప్పబోవువారు, ఆ విషయమున తాము చేసిన తప్పును ముందుగా చెప్పుకొనుట మర్యాద. కావున మేమును మా తప్పుతోనే ప్రారంభించుచున్నాము. మా మహిళా సమాజపు చదువుగది గోడమీద నాలుగు నెలలపాటు ఒక కాగితము అంటియుండెను. దానిని వ్రాసినది మేమే, అంటించినదియు మేమే. "మన పొదుపు సంఘపు వెబ్‌సైటు తెఱచునప్పుడు ఒక హెచ్చరిక కనబడును. భయపడకుడు. అడుగున నున్న 'అడ్వాన్స్‌డ్' అను మాటను నొక్కి, ఆ క్రింద వచ్చు చిన్న వరుసను నొక్కి లోనికి పొండు" అని అందులో నుండెను. చూచుటకది చిన్న ఉపకారము. ఆ ఉపకారమువలన మా వీధి పిన్నిగారికి కలిగిన నష్టమును, దానినుండి మేము నేర్చుకొన్న పాఠమును మీకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మా సమాజము చిన్నది. కృష్ణాతీరమున ఒక పట్టణములో, మా అమ్మమ్మల కాలమున, నాలుగు బీరువాల పుస్తకములతో మొదలైనది. తరువాత పొదుపు సంఘము చేరినది. ఆపైన కుట్టుపని, అల్లికపని నేర్చిన స్త్రీలు చేసిన వస్తువులను విక్రయించు అంగడి చేరినది. ఈ మూడింటికిని మూడు వెబ్‌సైట్లు ఏర్పడినవి. పాతయింటికి ఒక్కొక్క తరమువారు ఒక్కొక్క గది చేర్చినట్లు, ఇవి వేర్వేరు సంవత్సరములలో వేర్వేరు చేతులమీద వెలసినందున, వీని పేర్లును వేర్వేఱే. సభ్యురాండ్రు మూడు పాస్‌వర్డులు పెట్టుకొనవలసివచ్చెను. కొందఱు మఱచిపోవుచుండిరి. కొందఱు మూడింటికిని ఒక్కటే పెట్టుకొనుచుండిరి. ఒక వదినగారు పంచాంగపు వెనుక అట్టమీద వ్రాసి, ఆ పంచాంగమును పేరంటమునకు వచ్చినవారికి చూడనిచ్చుచుండెను.

ఈ అవస్థ చూడలేక, మూడింటికిని ఒకే లాగిన్ ఉండవలెనని మేము తీర్మానించితిమి. అనగా, సభ్యురాలు ఒకచోట ఒకమాఱు తన పేరును పాస్‌వర్డును చెప్పినచో, పుస్తకములును, పొదుపు లెక్కలును, అంగడియు ఆమెకు తెఱచుకొనవలెను. ఈ పని తెలిసిన ఒకాయన దానిని పూర్తిచేసి యిచ్చెను. కాని తొలిదినముననే చిక్కు కనబడినది. గ్రంథాలయము చక్కగా తెఱచుకొనుచున్నది. పొదుపు సంఘమును తెఱవబోయినంతనే బ్రౌజరు అడ్డుపడి, ఈ మార్గము క్షేమకరము కాదని చెప్పుచున్నది. కారణమడుగగా, "సర్టిఫికెట్టు గ్రంథాలయము పేరనే యున్నదండీ. తక్కినవాని సంగతి తరువాత చూతము. ప్రస్తుతమునకు దాటిపొండు" అని ఆయన చెప్పెను. వార్షికసభ దగ్గఱ పడినది; అందఱికిని తమతమ లెక్కలు చూపవలసియున్నది. మేము సరేయని ఆ కాగితము వ్రాసితిమి. పెద్దవారికి ప్రక్కన కూర్చుండి, వ్రేలు పట్టుకొని, ఎచ్చట నొక్కవలెనో నేర్పితిమి. 'తరువాత' అన్నది నాలుగు నెలలైనను రాలేదు.

ఆ నాలుగవ నెలలో, ఒక సాయంకాలము, పిన్నిగారి ఫోనునకు ఒక సందేశము వచ్చినది. విద్యుత్తు బిల్లు కట్టనందున ఆ రాత్రియే కరెంటు తీసివేయుదుమనియు, ఈ క్రింద నొక్కి వెంటనే చెల్లింపుడనియు అందులో నున్నది. ఆమె ఒంటరిగా నుండువారు. నొక్కినంతనే తెఱయంతయు ఎఱ్ఱబడి, ఇది మోసపుచోటని బ్రౌజరు హెచ్చరించినది. పిన్నిగారు భయపడలేదు. భయపడవలదని మేము నేర్పితిమి గదా! అడుగున చిన్న అక్షరములకొఱకు వెదకిరి. మాటలు కొంచెము వేఱైనను దారి అదియేననుకొని నొక్కిరి. లోనికి పోయి, బ్యాంకు పేరును, పాస్‌వర్డును, ఫోనునకు వచ్చిన అంకెలను వ్రాసిరి. పావుగంటలో పింఛను సొమ్ములో 26,000 రూపాయలు పోయినవి. మఱునాటి ఉదయమున వారు మా యింటికి వచ్చిరి. 1930 అను సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు వ్రాయించితిమి. 9,000 రూపాయలు మాత్రము దారిలో ఆపబడి, కొంతకాలమునకు తిరిగి వచ్చినవి. ఆ రాత్రియే ఫోను చేసియుండినచో మఱికొంత దక్కెడిదేమో! మోసము జరిగిన గడియలోనే ఆ సంఖ్యకు చెప్పవలెనని చదువరులు దయచేసి జ్ఞాపకముంచుకొనవలెను.

పిన్నిగారు ఒక్క కఠినపు మాటయు అనలేదు. "అమ్మాయీ, నీ కాగితములో నున్నట్లే చేసితిని గదా!" అని మాత్రమనిరి. పోయిన సొమ్ము మేము తీర్చెదమంటిమి. వారు తల యూపి, "సొమ్ము మాట విడువుము. ఆ పెట్టె నిజము చెప్పినను నమ్మవలదని మీరంటిరి. మఱి నేనిక దేనిని నమ్మవలెనో చెప్పుము" అనిరి. మాయొద్ద బదులు లేకపోయినది. ఏలయన, మేము దాటుమని చెప్పిన ఆ హెచ్చరిక యేమిటో, ఆ సర్టిఫికెట్టు యేమిటో, మేమే యెఱుగము.

ఆ యేటి సంక్రాంతికి మా మేనకోడలు వచ్చినది. ఆమె హైదరాబాదులో సర్వర్లు చూచుకొను ఉద్యోగము చేయుచున్నది. కథయంతయు విని, "అత్తయ్యా, ఆ హెచ్చరిక మీతో అబద్ధమాడలేదు. అబద్ధమాడినది మీ కాగితము" అనెను. ఆ మాట మాకు గ్రుచ్చుకొన్నది, కాని నిజము. పండుగ మూడు దినములును, అరిసెలు వండుచు, ముగ్గులు దిద్దుచు, ఆమెను ప్రశ్నలడిగితిమి. తెలిసినంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

మనము ఫోనులో వ్రాసిన మాట వెబ్‌సైటునకు చేరుటకు ఎన్నియో చేతులు మారును. ఇంటిలోని వైఫై, రైలుస్టేషనులోని ఉచిత వైఫై, కంపెనీవారి తీగలు, ఇవన్నియు ఆ చేతులే. కాపుదల లేని వెబ్‌సైటులో పాస్‌వర్డు వ్రాయుట పోస్టుకార్డుమీద వ్రాయుటవంటిది. నడుమనున్న వారెవరైనను చదువవచ్చును. మూసిన కవరులో పంపవలెనన్నచో, మనకును ఆ వెబ్‌సైటునకును మాత్రమే తెలిసిన రహస్యమొకటి కావలయును. ఎన్నడును కలిసికొననివారు, నలుగురు వినుచుండగా మాటలాడికొనుచునే, వినువారికి తెలియని రహస్యమును ఏర్పఱచుకొనవచ్చునని 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనువారు ప్రకటించిరి. దాని తరువాత పుట్టిన మఱికొన్ని ఉపాయములను కూర్చి, నెట్‌స్కేప్ అను కంపెనీ 1995లో ఎస్.ఎస్.ఎల్. అను పద్ధతిని లోకమునకిచ్చినది. దానిని తీర్చినవారిలో ముఖ్యుడు ఈజిప్టు దేశమున పుట్టిన తాహిర్ ఎల్గమాల్. 1999లో అది మెఱుగుపడి టి.ఎల్.ఎస్. అను పేరు పొందినది. 2018లో దాని 1.3వ కూర్పు వచ్చినది. పాత ఎస్.ఎస్.ఎల్. కూర్పులు లోపములు బయటపడి విడువబడినవి. అయినను, వీధిపేరు మారినను జనులు పాతపేరుతోనే పిలుచునట్లు, నేటికిని ఎస్.ఎస్.ఎల్. సర్టిఫికెట్టు అనియే యందురు.

కవరు మూసినంతమాత్రమున చాలదు. ఎవరికిచ్చుచున్నామో తెలియవలెను గదా! దొంగచేతికి ఇచ్చిన మూతకవరు వలన ప్రయోజనమేమి? సర్టిఫికెట్టు అక్కఱకు వచ్చునది ఇచ్చటనే. భూమి అమ్మకమునకు రిజిస్ట్రారు ముద్ర యెట్టిదో, వెబ్‌సైటు పేరునకు సర్టిఫికెట్టు అట్టిది. "ఈ పేరు ఈ తాళపుచెవి గలవారిది" అని ఒక సాక్షిసంస్థ చేవ్రాలు చేసి యిచ్చును. మన ఫోనులోను బ్రౌజరులోను నమ్మదగిన సాక్షిసంస్థల పట్టిక ముందుగనే యుండును. మనమొక వెబ్‌సైటు తెఱచినప్పుడు, కనుఱెప్పపాటులో, బ్రౌజరు ఆ సర్టిఫికెట్టును అడిగి తీసికొని మూడు సంగతులు చూచును. సాక్షి నమ్మదగినవాడా? గడువు దాటలేదు గదా? మనము పిలిచిన పేరు ఇందులో వ్రాయబడియున్నదా? ఈ మూడింటిలో ఏది తప్పినను హెచ్చరించును.

మా పొదుపు సంఘమునందు తప్పినది ఆ మూడవది. మేము పొదుపు సంఘమును పిలిచితిమి. గ్రంథాలయపు పేరుగల పత్రము ఎదురువచ్చినది. ఇంటికి వచ్చిన గుమాస్తా తాను ఫలానా బ్యాంకువాడనని చెప్పి, వేఱొక ఆఫీసు గుర్తుచీటి చూపినచో మనము వాకిటనే నిలుపుదుము గదా! బ్రౌజరు చేసినది అదియే. ఆ గుమాస్తా మా యెఱిగినవాడే కావచ్చును. కాని కావలివాని కా సంగతి యెట్లు తెలియును? మేము గుర్తుచీటి మార్పించుటకు మాఱుగా, కావలివాని మాట వినవలదని ఇంటివారికి నేర్పితిమి.

ఇక అనేకములైన పేర్లున్నచో ఏమి చేయవలెను? మేనకోడలు ముందుగా ఒక కాగితమును పెన్సిలును ఇమ్మనెను. "మీకున్న పేర్లన్నియు వ్రాయుడు" అనెను. మూడే గదాయని మేమంటిమి. వ్రాయగా వ్రాయగా ఎనిమిదియైనవి. ముందు 'డబ్ల్యు డబ్ల్యు డబ్ల్యు' ఉన్న పేరొకటి, లేనిదొకటి. బ్రౌజరు దృష్టిలో ఈ రెండును వేఱు. ఆ లెక్కన మూడును ఆఱైనవి. లాగిన్ కొఱకు ఏర్పఱచినది ఏడవది. ఎన్నడో సమాజపు పత్రికకై తీసికొని మఱచిపోయినది ఎనిమిదవది. ఆ మఱచిన పేరుగుండ కూడ మా లాగిన్ తెఱచుకొనుచున్నదనియు, అది పోస్టుకార్డువలె బహిరంగముగా నున్నదనియు అప్పుడు బయటపడినది. ఇంటిముందు రెండు తాళములు వేసి, దొడ్డితలుపు గడియ మఱచినట్లుండినది మా పని.

ఇట్టి పేర్లకు సర్టిఫికెట్లు మూడు విధములుగా తీసికొనవచ్చును. ఒక్కొక్క పేరునకు ఒక్కొక్కటి తీసికొనుట మొదటిది. ఒకే పత్రములో పేర్లన్నియు వ్రాయించుట రెండవది. రేషనుకార్డులో కుటుంబమువారందఱి పేర్లును ఉండునట్లు, ఇందును వేర్వేఱైన డొమైనుల పేర్లు వరుసగా నుండును. మూడవది ఇంటిపేరువంటిది. ఒక డొమైను క్రింద పుట్టిన పేర్లన్నింటికిని, అక్షరములకు బదులు నక్షత్రపు గుర్తుంచి, ఒకే పత్రమిత్తురు. కాని ఈ ఇంటిపేరు బిడ్డలవఱకే చెల్లును, మనుమలకు చెల్లదు. అనగా, ఒక్క మెట్టు క్రిందివానికే గాని రెండు మెట్ల క్రిందివానికి వర్తింపదు. వేఱొక యింటివారికి అసలే వర్తింపదు. మా పేర్లు వేర్వేఱు ఇండ్లవి గనుక, మాకు రేషనుకార్డు విధమే తగినది.

ఇందులకు ధనమెంత కావలెనోయని మేము సందేహించితిమి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను ధర్మసంస్థ 2015 డిసెంబరునుండి సర్టిఫికెట్లను ఉచితముగా ఇచ్చుచున్నదని మేనకోడలు చెప్పెను. ఒక పత్రములో నూఱు పేర్లవఱకు వ్రాయుదురట. ఆ పేర్లు మనవేయని నిరూపించుటకు, వారిచ్చిన గుర్తును మన వెబ్‌సైటులో వారు చెప్పినచోట ఉంచవలెను. వారు వచ్చి చూచుకొని చేవ్రాలు చేయుదురు. ఆ పనియంతయు కనుమనాటి మధ్యాహ్నము, భోజనములైన పిమ్మట, రెండు గంటలలో ముగిసినది. ఒక రూపాయియు ఖర్చు కాలేదు. నాలుగు నెలలు మేము వాయిదా వేసిన పని యిది. ఆ మధ్యాహ్నము మాకు కలిగిన సిగ్గు అంతింతకాదు.

పిమ్మట లాగిన్ సంగతి. మనమొక వెబ్‌సైటులో పాస్‌వర్డు చెప్పిన తరువాత, ప్రతి పుటకును మఱల అడుగక లోనికి రానిచ్చుచున్నదేల? గుడివద్ద చెప్పుల కొట్టులో బిళ్ళ యిచ్చినట్లు, అది మన బ్రౌజరునకు ఒక బిళ్ళ నిచ్చును. దానినే కుకీ యందురు. 1994లో నెట్‌స్కేపులో లూ మాంటుల్లీ అను ఆయన ఈ యేర్పాటు కల్పించెను. అయితే ఒక కొట్టు బిళ్ళ ఇంకొక కొట్టున చెల్లదు. ఒక డొమైను కుకీని వేఱొక డొమైనునకు బ్రౌజరు చూపదు. ఇది మన మేలుకొఱకే. కావున అనేక డొమైనులకు ఒకే లాగిన్ కావలెనన్నచో, పాస్‌వర్డు చెప్పు ద్వారమొకటే యుండవలెను. పొదుపు సంఘము తెఱచినవారిని ఆ ద్వారమునకు పంపుదురు. అచ్చట పాస్‌వర్డు చెప్పినంతనే, కొన్ని క్షణములు మాత్రమే చెల్లునట్టి, ఒక్కమాఱే పనికివచ్చునట్టి చీటినిచ్చి వెనుకకు పంపుదురు. పొదుపు సంఘము ఆ చీటిని పరిశీలించి, సరియైనచో తన బిళ్ళను తానిచ్చును. పాస్‌వర్డు ఆ ఒక్క ద్వారమును దాటి యెచ్చటికిని పోదు. గూగుల్‌వారి ఉత్తరములు తెఱచినవారికి యూట్యూబునకు మఱల పాస్‌వర్డు అడుగకుండుట ఇట్టి యేర్పాటువలననే.

కాని బిళ్ళ పోయినచో చెప్పులు పోయినట్లే. పాస్‌వర్డు చెప్పు పుటను మాత్రము కాపాడి, తక్కిన పుటలను బహిరంగముగా విడిచినచో, దారిలో నున్నవాడు పాస్‌వర్డు తెలియకయే బిళ్ళను దొంగిలించి మనమేయై లోనికి పోవును. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అను ఆయన ఫైర్‌షీప్ అను పనిముట్టును బహిరంగముగా విడుదలచేసి, ఒకే వైఫైలో నున్నవారి లాగిన్‌లను ఎంత సులువుగా దొంగిలింపవచ్చునో లోకమునకు చూపెను. పెద్దపెద్ద వెబ్‌సైట్లు అన్ని పుటలకును కాపుదల పెట్టుకొనుటకు అదియొక కారణమైనది. మేమును ఎనిమిది పేర్లకును అట్లే చేయించితిమి. బహిరంగమార్గమున వచ్చినవారిని వెంటనే కాపుదలగల మార్గమునకు మరలించునట్లును, ఒకమాఱు వచ్చిన బ్రౌజరు మఱెన్నడును బహిరంగమార్గమున రాకుండునట్లును ఏర్పాటు జరిగినది. పుస్తకములకు ఒకమాఱు చెప్పిన పాస్‌వర్డు చాలును గాని, సొమ్ము కదలునప్పుడు మఱల అడుగవలెనని కూడ నిర్ణయించితిమి.

ఒకే పత్రములో అన్ని పేర్లుండుట మేలేగాని, అందును కష్టములు లేకపోలేదు. ఆ పత్రమును ఎవరైనను తెఱచి పేర్లన్నియు చదువవచ్చును; రేషనుకార్డు చూచినవారికి ఇంటిలో నెవరెవరున్నారో తెలియునట్లు, ఏ వెబ్‌సైట్లు ఒక్కచేతిలో నున్నవో తెలియును. ఇంతకన్న ముఖ్యము గడువు. మా పత్రమునకు 90 దినములే గడువు. అమ్మబడు సర్టిఫికెట్లకును గడువు తగ్గుచున్నది. 2020 సెప్టెంబరునుండి 398 దినములకు మించరాదనిరి. ఇది 2026 మార్చి 15నుండి 200 దినములకును, 2027 మార్చి 15నుండి 100 దినములకును, 2029 మార్చి 15నుండి 47 దినములకును తగ్గవలెనని సాక్షిసంస్థలును బ్రౌజరు కంపెనీలును కలిసి 2025లో నిర్ణయించుకొనిరి. ఇక చేతితో మార్చుకొనుట సాగదు. యంత్రమే తనంతట మార్చుకొనవలెను. మా యంత్రమును అట్లే చేసెడిది. కాని ఒకతూరి, మఱచిన ఆ యెనిమిదవ పేరునకు మేము ఏటి రుసుము కట్టలేదు. అది మాది కాకుండపోయినది. దానిని నిరూపింపలేక మొత్తము పత్రమే ఆగిపోయినది. ఒక్కరి పేరు తప్పైనను అర్జీయంతయు తిరిగివచ్చినట్లయినది. ఆ కథ తుదిని చెప్పెదము.

సాక్షియే తప్పుడు సాక్ష్యము చెప్పినచో దిక్కేమని చదువరులు అడుగవచ్చును. మేమును అడిగితిమి. అట్లు జరిగినదియు కలదు. 2011లో హాలెండు దేశములోని డిజినోటార్ అను సాక్షిసంస్థలో దొంగలు చొరబడి, గూగుల్ మొదలగు పేర్లమీద దొంగపత్రములు పుట్టించిరి. ఇరాను దేశములోని జనుల ఉత్తరములు చదువుటకు అవి వాడబడినవి. ఆ సంస్థ ఆ యేటనే దివాలా తీసినది. మన దేశమున 2014 జూలైలో, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరునకు చెందిన సాక్షివిభాగమునుండి గూగుల్ పేర్లకు అనధికారపత్రములు వెలువడినవని తెలిసి, ఆ విభాగపు అధికారపత్రములు రద్దుచేయబడినవి. ఇట్టివి జరిగిన మీదట, ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టును అందఱును చూడదగిన చిట్టాలలో ఎక్కింపవలెనను పద్ధతి వ్యాపించినది. దాచి యిచ్చుట కష్టమైనది.

ఇప్పుడు పిన్నిగారి ప్రశ్నకు వత్తుము. దేనిని నమ్మవలెను? హెచ్చరిక లేకున్న చాలునా? చాలదు. ఇది అన్నింటికన్న ముఖ్యమైన మాట. సర్టిఫికెట్టు పేరును నిరూపించును, గుణమును నిరూపింపదు. దొంగయు తనకంటూ ఒక పేరు కొనుక్కొని, ఆ పేరునకు సరియైన సర్టిఫికెట్టు తీసికొనగలడు. అప్పుడు మన పాస్‌వర్డు మూతకవరులో, ఎవరును చదువకుండ, క్షేమముగా దొంగయింటికి చేరును! బ్రౌజరులో కనబడు తాళపుగుర్తును చూచి జనులు మంచిచోటనుకొనుచుండిరి. ఆ గుర్తుయొక్క సరియైన అర్థమును నూటికి 11 మంది మాత్రమే చెప్పగలిగిరని 2021లో గూగుల్ జరిపిన పరిశోధనలో తేలినది. కావున 2023 సెప్టెంబరులో క్రోమ్ బ్రౌజరునుండి ఆ తాళపుగుర్తును తీసివైచి, వేఱొక గుర్తు నుంచిరి. తాళమున్నది గనుక మంచిదని యిప్పటికిని చెప్పువారున్నచో, వారి మాట వినవలదు.

కావున పేరు చదువవలెను. అదియు సరిగా చదువవలెను. పైనున్న వరుసలో మొదటి ఒంటి ఏటవాలు గీత యెచ్చట వచ్చునో చూచి, అచ్చటినుండి వెనుకకు, కుడినుండి ఎడమకు చదువవలెను. చివరనున్న రెండు మూడు మాటలే అసలు యజమాని పేరు. ఎడమవైపున బ్యాంకు పేరైనను, విద్యుత్తు సంస్థ పేరైనను, దేవుని పేరైనను ఎవరైనను వ్రాసికొనవచ్చును. మన రిజర్వుబ్యాంకు ఈ చిక్కు నెఱిగి, బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగియు పేర్లకు మారవలెనని ఆదేశించినది. ఆ పేర్లను బ్యాంకులకు తప్ప ఇతరులకు ఇయ్యరు. ఇచ్చు అధికారము మన హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. అను సంస్థది. కావున బ్యాంకు పాస్‌వర్డు వ్రాయబోవునప్పుడు ఆ ముగింపు ఉన్నదో లేదో చూచుట ప్రతి గృహిణియు నేర్వదగినది. సందేశములలో వచ్చిన దారిని పట్టి బ్యాంకునకు పోనేరాదు.

మేము ఆ పాతకాగితమును చించివైచితిమి. దానిచోట క్రొత్తది వ్రాసితిమి. అందులో మూడే మాటలున్నవి. "హెచ్చరిక కనబడినచో ఆగుడు, అది మన వెబ్‌సైటైనను ఆగుడు. పేరును కుడినుండి చదువుడు. సందేహమైనచో ఏమియు వ్రాయక మాకు ఫోను చేయుడు." దానిని పిన్నిగారే తమ చేతులతో గోడకంటించిరి. పాతకాగితము వ్రాసినవారము మేమేయని ఆనాటి సభలో అందఱియెదుట ఒప్పుకొంటిమి. చెప్పుట కష్టమైనది, చెప్పిన పిదప మనసు తేలికపడినది.

ఆ తరువాత కొన్ని నెలలకు, పైన చెప్పినట్లు, ఎనిమిదవ పేరు చెడి మా పత్రము గడువు దాటినది. మాకా సంగతి తెలియదు. ఉదయము ఏడుగంటలకు ఫోను మ్రోగినది. పిన్నిగారు! "అమ్మాయీ, మన పొదుపు సంఘములో హెచ్చరిక వచ్చినది. నేను ఆగితిని. లోనికి పోలేదు. ముందది బాగుచేయింపుము, ఈ నెల సొమ్ము తరువాత కట్టెదను" అనిరి. మేము చెడిన పేరును పట్టికనుండి తొలగించి, మధ్యాహ్నమునకు పత్రమును సరిచేయించి, వారికి ఫోను చేసితిమి. వారు తెఱచి, పేరును కుడినుండి ఒక్కొక్క మాటగా మాకు పైకి చదివి వినిపించి, ఆ పిమ్మట సొమ్ము కట్టిరి.